ఒక్క ఓటుతో కొన్న సామ్రాజ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రమును గూర్చి మన పఠనమందిరములలో ముచ్చటించువారు సాధారణముగా మూడు సంవత్సరములను వ్రేళ్లమీద లెక్కింతురు. స్వాతంత్ర్యప్రకటనము వెలువడిన 1776. బానిసత్వమును గూర్చి ఉత్తర దక్షిణ రాష్ట్రములు ఒండొంటిపై కత్తి దూసిన 1861. పెరల్ హార్బరుపై జపానువారి విమానములు బాంబులు కురిపించిన 1941. ఈ మూడును గొప్ప మలుపులే. కాదని ఎవ్వరనగలరు? కాని పరపాలనము క్రింద తరతరములు మ్రగ్గి బయటపడిన జాతివారమగు మనము మఱియొక దినమును గూడ జ్ఞప్తియందుంచుకొనవలసియున్నది. అది 1899వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీ. ఆనాడు వాషింగ్టను నగరమున ఫిరంగి మ్రోగలేదు, కోట కూలలేదు. సెనేటు సభ్యులు తమ పీఠములయందుండి కొందఱు ఔననిరి, కొందఱు కాదనిరి. అంతటితో, ఒక సామ్రాజ్యముపై తిరుగబడి జన్మించిన రిపబ్లిక్కు తానే మఱియొక సామ్రాజ్యమయ్యెను. అమెరికావారి పండుగలలో ఆ దినమునకు చోటులేదు. మన జ్ఞాపకములోనైనను దానికి చోటుండవలెనని మా మనవి.

అమెరికా విప్లవము మనకు పరాయి కథ కాదు. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవున సముద్రము పాలైన 342 తేయాకు పెట్టెలు ఎవ్వరివి? ఈస్టిండియా కంపెనీవి. అప్పటికి ఏడేండ్ల క్రిందటనే, 1766లో, ఆ కంపెనీయే నిజాముతో సంధి చేసికొని మన ఉత్తర సర్కారులపై తన పట్టు బిగించియుండెను. 1781లో యార్కుటౌను చెంత జార్జి వాషింగ్టనునకు లొంగిపోయిన ఆంగ్లసైన్యమునకు నాయకుడెవ్వడు? కారన్‌వాలిసు ప్రభువు. అచ్చట ఓడిన ఆ సేనానియే అయిదేండ్లకు మన దేశమునకు గవర్నరు జనరలుగా విచ్చేసెను. 1793లో అతడు వంగదేశమున నెలకొల్పిన శాశ్వత శిస్తు నిర్ణయమే 1802లో మదరాసు రాజధానికిని వ్యాపించి, మన సర్కారు జిల్లాలలో రైతు నెత్తిపైన జమీందారీకి చట్టబద్ధమైన పీట వేసెను. ఒకే కంపెనీ, ఒకే సేనాని. అచ్చట పరాభవము, ఇచ్చట పట్టాభిషేకము! అందువలననే, బోస్టను పౌరులు పొందిన విజయమును తలచినపుడు మన పెద్దల హృదయములు పొంగెడివి. పాలితుల సమ్మతి లేని పాలనము న్యాయ్యము కాదని 1776లో ఫిలడెల్ఫియాయందు ప్రకటితమైన ధర్మమును వారు సర్వజాతుల సొత్తుగా భావించిరి. భావించుట యుక్తమే.

అయితే ఆ ధర్మమునకు పుట్టుకతోడనే రెండు తూట్లుండెను. ప్రకటనమును వ్రాసిన జెఫర్సను స్వయముగా వందలకొలది బానిసలకు యజమానుడు. ఆ భూమికి ఆదినుండియు వారసులైన జాతులను ఆ సమ్మతిలో లెక్కింపనేలేదు. 1830లో శాసనమొనర్చి వారిని మిసిసిపీ నదికి ఆవలకు తఱుమజొచ్చిరి; 1838లో చెరోకీ జాతివారు వేలకొలది ఆ త్రోవలోనే కన్నుమూసిరి. 1846లో మెక్సికోతో యుద్ధము వచ్చెను. అమెరికా గడ్డపై అమెరికనుల రక్తము చిందినదని అధ్యక్షుడు పోక్ పలుకగా, ఆ రక్తము చిందిన చోటేదో చూపుమని ప్రతినిధి సభలో కొత్తగా అడుగిడిన ఏబ్రహాము లింకను నిలవేసెను. థోరో యనునాతడు అట్టి ప్రభుత్వమునకు తలపన్ను చెల్లింపనని ఒక రాత్రి చెఱసాలలో గడపెను. అతడు 1849లో ప్రకటించిన వ్యాసమునే దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముడు చదివి తన పత్రికలో పరిచయము చేసెను. ఆ యుద్ధమున చిన్న దళపతిగా పోరాడిన గ్రాంటు, తరువాత తానే అధ్యక్షుడై దిగిన పిమ్మట వ్రాసిన స్వీయచరిత్రలో, అది మిక్కిలి అన్యాయమైన యుద్ధమని ఒప్పుకొనెను. 1848 సంధితో కాలిఫోర్నియా మొదలగు సీమలు అమెరికా పాలయ్యెను. టెక్సాసును గూడ కలిపి లెక్కించినచో మెక్సికో పోగొట్టుకొన్నది తన భూమిలో సగమునకు మించియున్నది.

ఆ క్రొత్త భూములలో బానిసత్వముండవలెనా లేదా యను కలహమే ముదిరి 1861లో అంతర్యుద్ధమయ్యెను. నాలుగేండ్లలో 6 లక్షలకు పైగా సైనికులు మడిసిరి. 1863లో లింకను విమోచన ప్రకటన మొనర్చెను; 1865లో రాజ్యాంగమే సవరింపబడెను; దాదాపు 40 లక్షల మంది దాస్యవిముక్తులైరి. లింకను తన ప్రాణమునే బలి యిచ్చెను. ఒక జాతి తన పాపమునకు తన రక్తముతోనే ప్రాయశ్చిత్తము చేసికొనిన ఘట్టములు చరిత్రలో అరుదు. ఆ ఘనతను మేము తక్కువ చేయము. కాని 1877లో దక్షిణమునుండి ప్రభుత్వ సేనలను మరలించిన తోడనే నల్లవారి ఓటు హక్కు ఒక్కొక్క మెట్టే క్రిందికి జారెను. 1896లో అత్యున్నత న్యాయస్థానము రైలుపెట్టెలలో నల్లవారిని వేఱుగా కూర్చుండబెట్టుట న్యాయమే యని తీర్పు చెప్పెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలందురు. ఇంట గెలువక మునుపే, ఈ తీర్పు వెలువడిన రెండేండ్లకే, అమెరికా రచ్చకెక్కెను.

1898 ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి హవానా రేవున అమెరికా యుద్ధనౌక మెయిను ప్రేలి 260 మందికి పైగా నావికులు మరణించిరి. స్పెయినువారే ఈ ఘోరమునకు కారకులని న్యూయార్కులోని హెరస్టు, పులిట్జరుల పత్రికలు గగ్గోలు పెట్టెను. ఋజువెక్కడ? ఋజువును అడుగు ఓపిక ఎవ్వరికుండెను? 1976లో అమెరికా నౌకాదళమునకు చెందిన అడ్మిరల్ రిక్కోవరే పరిశోధించి, ఓడలోని బొగ్గుకొట్టులో పుట్టిన నిప్పే అందులకు కారణమై యుండవచ్చునని తేల్చెను. 78 ఏండ్లకు తేలిన ఆ మాటవలన చచ్చినవారు లేచివచ్చిరా? పత్రికలు అమ్ముడుపోవుటకై రగిల్చిన మంట ఎంత దూరము ప్రాకునో ఇది చెప్పుచున్నది. పత్రికాలేఖకులమగు మేము దీనిని సిగ్గుతోనే స్మరించుచున్నాము.

ఏప్రిలు నెలలో యుద్ధము ప్రకటింపబడెను. క్యూబాను విడిపించుటకే ఈ పూనిక యనియు, దానిని కలుపుకొను తలంపు తమకు లేదనియు అమెరికా కాంగ్రెసు తీర్మానించెను. కాని ఆ ప్రతిజ్ఞ క్యూబాకే పరిమితము. మే 1వ తేదీన ఎక్కడో పదివేల మైళ్లకు దాపుగా నున్న మనీలా రేవున డ్యూయీ అను నౌకాధిపతి స్పెయినువారి ఓడలను ఒక్క ఉదయములో ముంచివైచెను. ఫిలిప్పైను ద్వీపములను గూర్చి అట్టి ప్రతిజ్ఞ ఎవ్వరును చేసియుండలేదు.

అచ్చటివారు చేతులు ముడుచుకొని విమోచకునికై ఎదురుచూచుచున్నవారు కారు. 1896 నుండియే వారు స్పెయినుపై తిరుగబడియుండిరి. వారి నాయకుడు ఎమిలియో ఆగినాల్డో ప్రవాసియై హాంగుకాంగులో నుండగా, అమెరికా ఓడయే అతనిని తిరిగి తెచ్చి దింపెను. 1898 జూను 12న కావిటే మండలమందలి కావిట్టు గ్రామమున అతడు స్వాతంత్ర్యమును చాటెను. ద్వీపవాసులు స్పెయినువారిని మనీలా కోటలోనికి నెట్టి చుట్టు ముట్టడించిరి. తరువాత జరిగినది తోలుబొమ్మలాట! ఆగస్టు 13న స్పెయిను, అమెరికా సేనాపతులు ముందుగానే మాటలాడుకొని పోరాట మభినయించి, కోటను చేతులు మార్చుకొనిరి. ముట్టడి సాగించిన ద్వీపవాసుల సైన్యమును మాత్రము ఊరిలోనికి రానీయలేదు.

పిమ్మట పారిసునగరమున సంధి. ఫిలిప్పైను రాయబారి అగోన్సిల్లోకు ఆ సభలో కూర్చుండుటకు చోటీయలేదు. డిసెంబరు 10న వ్రాసిన పత్రము చొప్పున స్పెయిను పోర్టోరికోను, గువామును విడిచెను. 2 కోట్ల డాలర్లు పుచ్చుకొని ఫిలిప్పైనులను గూడ అప్పగించెను. తన చేతినుండి జాఱిపోయిన దేశమును స్పెయిను అమ్మినది. అది ఎవ్వరిదో తెలిసియే అమెరికా కొన్నది. అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్లున్నది గదా! 1903లో తీసిన జనాభా లెక్క ప్రకారము అచ్చట 76 లక్షల మంది యుండిరి. మనుష్యుడొక్కింటికి మూడు డాలర్లైనను పడలేదు. బానిసల సంతను మూయించుటకై 6 లక్షల ప్రాణములను ధారపోసిన దేశము, ముప్పదిమూడేండ్లకు ఒక జాతిని గుత్తగా బేరమాడెను.

సంధి సెనేటు ముందునకు వచ్చెను. దానిని స్థిరపఱచుటకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి మనీలా వెలుపల అమెరికా కావలివారు కాల్చిన తుపాకితో పోరు మొదలయ్యెను. రెండు దినములకు సెనేటులో ఓట్లు లెక్కింపగా అనుకూలము 57, ప్రతికూలము 27. కావలసినవి 56. ఒక్క ఓటు ఆధిక్యముతో సామ్రాజ్యము కొనుగోలైనది! ప్రతిపక్ష నాయకుడగు బ్రయను సామ్రాజ్యవాదమును నిరసించుచునే, ముందు సంధిని అంగీకరింతము, పిమ్మట వారికి స్వాతంత్ర్య మిత్తమని తన పక్షమువారికి బోధించెను. ఆ పిమ్మట ఎప్పుడు వచ్చెను? వారమునకే, ద్వీపములకు స్వాతంత్ర్యమును వాగ్దానము చేయవలెనని సెనేటర్ బేకన్ తెచ్చిన తీర్మానమునకు 29 ఓట్లు ఇటు, 29 ఓట్లు అటు వచ్చెను. సభాపతియగు ఉపాధ్యక్షుడు హోబర్టు తన ఓటుతో దానిని త్రోసివైచెను. రెండు మాఱులు ఒక్కొక్క ఓటు. ముందు అధికారము చిక్కనిండు, న్యాయము తరువాత చూచుకొందమను రాజకీయ చాతుర్యము ఎక్కడకు కొనిపోవునో తెలిసికొనగోరువారు ఈ రెండు లెక్కలను గోడపై వ్రాసికొనవచ్చును.

అనంతరము మూడేండ్ల యుద్ధము. అమెరికా సైనికులు 4,200 మందికి పైగా చనిపోయిరి. ద్వీపవాసులలో ఆయుధము పట్టినవారు 20,000 మందికి పైగా కూలిరి. హింసవలనను, క్షామమువలనను, విషూచివలనను మరణించిన సామాన్య జనుల సంఖ్య 2 లక్షల వఱకు ఉండునని అమెరికా ప్రభుత్వపు చరిత్రకారులే వ్రాసియున్నారు. పట్టుబడినవారి నోట బలాత్కారముగా నీరు పోసి కడుపుబ్బించి నిజము చెప్పించు క్రౌర్యమును గూర్చి 1902లో సెనేటు విచారణసంఘము ఎదుట సైనికులే సాక్ష్యమిచ్చిరి. సమారు ద్వీపమును అడవి చేయుడని ఆజ్ఞాపించిన జనరల్ స్మిత్తు సైనిక న్యాయస్థానమున దోషిగా నిలిచెను. కాని అతనికి విధించిన శిక్ష మందలింపు, పిమ్మట ఉద్యోగ విరమణము. క్యూబాలో స్పెయిను సేనాని వైలరు పల్లెజనులను దొడ్లలో పశువులవలె బంధించెనని గదా అమెరికా పత్రికలు కన్నీరు కార్చినవి? ఆ పద్ధతినే 1901 చివరను అమెరికా సేనాని బెల్లు బటాంగాసు మండలమున అమలు జరిపెను. ఎవరి దుర్మార్గమును మాన్పుటకు కత్తి పట్టిరో వారి విద్యనే అభ్యసించిరి! 1902లో అధ్యక్షుడు రూజువెల్టు యుద్ధము ముగిసినదని ప్రకటించెను. అందులకాయన యెంచుకొనిన దినము జూలై 4. స్వాతంత్ర్యదినమున ఒక జాతి పరతంత్రతను చాటిన విచిత్రమును ఏమందుము!

అమెరికాయందు దీనిని కాదన్నవారే లేరా? ఉన్నారు, వారి నామములను స్మరించుట మన ధర్మము. 1898లో బోస్టనునందే సామ్రాజ్య నిరోధక సంఘము వెలసెను. మాజీ అధ్యక్షుడు క్లీవ్‌లాండు, ఉక్కు వర్తకుడు కార్నెగీ, కార్మిక నాయకుడు గోంపర్సు, తత్త్వవేత్త విలియం జేమ్సు, సేవాపరాయణురాలు జేను ఆడమ్సు ఆ పక్షమున నిలిచిరి. అధ్యక్షుడు మెకిన్లీ పక్షమునకే చెందిన వృద్ధ సెనేటరు హోరు తన నాయకుని ఎదిరించి సంధికి వ్యతిరేకముగా ఓటు చేసెను. మన బొంబాయి, కాశి, కలకత్తాలను 1896లో దర్శించిపోయిన మార్కు ట్వేను 1900లో స్వదేశమునకు తిరిగి వచ్చి, తాను సామ్రాజ్యవాదమునకు విరోధినని ఓడ దిగుచునే చాటెను. 1901లో వ్రాసిన వ్యాసమున చీకటిలోనున్న జాతులకు నాగరకత పేర సాగు వ్యాపారమును చీల్చి చెండాడెను. వారిలో కొందఱు గోధుమవర్ణపు జనులు తమ దేశమున కలియుదురేమో యను ఏవగింపుతోనే వాదించిరని గూడ చెప్పక తప్పదు. సత్పక్షమున నిలిచిన వారందఱి హృదయమును నిర్మలమై యుండదు.

ఒక్క విషయమున మాత్రము మనము వారిని చూచి ఈర్ష్యపడవలసియుండెను. సైన్యము పోరాడుచుండగా ఆ యుద్ధమును దూషించిన హోరుకుగాని ట్వేనుకుగాని చెఱసాల ప్రాప్తింపలేదు. అదే కాలమున, 1897లో, తన పత్రికలోని వ్రాతలకు మన తిలకుమహాశయుడు రాజద్రోహియై పదునెనిమిది నెలల కఠినశిక్ష పొందెను. 1908లో ఆఱేండ్లు మాండలే పాలయ్యెను. అయితే పరులకు విధించిన సంకెల యజమానుని చేతికిని తగులక మానదు. 1918లో ఒహయో రాష్ట్రమున యుద్ధమునకు వ్యతిరేకముగా ఉపన్యసించినందులకు సోషలిస్టు నాయకుడు డెబ్సునకు పదేండ్ల శిక్ష విధించిరి. ఇరువదియేండ్లలో ఎంత మార్పు!

సామ్రాజ్యమును సమర్థించినవారి వాదము మన చెవులకు క్రొత్తది కాదు. బడులు పెట్టితిమి, బాటలు వేసితిమి, రోగములను మాన్పితిమి అని వారందురు. నిజమే, 1901లో అమెరికా ఓడయెక్కి వందలకొలది ఉపాధ్యాయులు ఆ ద్వీపములకు పోయి బడులు నడపిరి, వారిలో నిజమైన సేవాపరులుండిరి. మనకును రైలుబాటలు వేసిరి గదా! ఇల్లాక్రమించినవాడు గోడకు సున్నము కొట్టించినచో ఇల్లు అతనిదగునా? బొంబాయిలో పుట్టిన ఆంగ్లకవి కిప్లింగు 1899లో అమెరికనులను ఉద్దేశించియే తెల్లవాని బరువును గూర్చిన పద్యమును ప్రకటించెను. ఆంగ్లేయుడు మన వీపుపై కూర్చుండి తానే బరువు మోయుచున్నానని నమ్మినట్లే అమెరికనును నమ్మవలెనని ఆ బోధ.

ఈ రెండు దేశముల కథలును ఒక్క కలమునందే కలిసినవి. కాథరీను మేయో యను అమెరికా రచయిత్రి 1925లో ఫిలిప్పైనులను గూర్చి పుస్తకము వ్రాసి, అచ్చటివారు స్వపాలనమునకు తగరని వాదించెను. రెండేండ్లకు ఆమెయే మన దేశమును గూర్చి మదర్ ఇండియా వెలువరించెను. మహాత్ముడు దానిని మురుగుకాలువల తనిఖీదారు నివేదికగా వర్ణించెను. అయిదేండ్లు అమెరికాలో ప్రవాసమొనర్చి ఆ జాతిని ఎఱిగిన లాలా లజపతిరాయి 1928లో దానికి గ్రంథరూపమున ప్రత్యుత్తరమిచ్చెను. మేయో మనపై విసరిన బురద ముందు మనీలాలో కలిపినదే! పరులను పాలించుటకు కావలసిన సాకు ఒక్కటే. దేశము పేరు మాత్రము మాఱుచుండును.

సాకు వలన చట్టము గూడ వంగెను. కొన్న ద్వీపములలో రాజ్యాంగము పూర్తిగా వర్తింపదని 1901 నుండి అత్యున్నత న్యాయస్థానము తీర్పులొసంగెను. జెండా పోయిన చోటికి హక్కులు పోలేదు. నేటికిని పోర్టోరికో ప్రజలు 1917 నుండి అమెరికా పౌరులై యుండియు, ఆ ద్వీపమున నివసించునంతకాలము అధ్యక్షుని ఎన్నికలో ఓటు లేనివారే; కాంగ్రెసులో ఓటుగల ప్రతినిధి లేనివారే. ప్రాతినిధ్యము లేని పాలనమునకే గదా బోస్టనువారు అలిగినది?

అంతకన్న పెద్ద నష్టము మఱియొకటి. దూరదేశమున సైన్యము నిలిపి ప్రజలను సమ్మతింపజేయు అభ్యాసము 1899లో అలవడెను. యుద్ధమును ప్రకటించు అధికారమును రాజ్యాంగకర్తలు కాంగ్రెసునకే యిచ్చిరి. కాని ఆ సభ విధి ప్రకారము యుద్ధమును ప్రకటించుట 1942తో నిలిచిపోయినది. 1950లో కొరియా యుద్ధమునకు ప్రకటన లేదు. 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ తన దేశ స్వాతంత్ర్యమును చాటుచు అమెరికావారి 1776 ప్రకటనమునే ఆధారము చేసికొనెను. ఇరువదియేండ్లు తిరుగకమునుపే అతని దేశముపై అమెరికా బాంబులు పడెను. 1964 ఆగస్టులో టాంకిను తీర్మానమునకు ప్రతినిధి సభలో ఎదురు పలికినవారే లేరు, సెనేటులో ఇద్దఱే. ఆ ఇద్దఱి మాట వినియుండిన 58,000 మంది అమెరికా బిడ్డలును, లెక్కింపరాని వియత్నాము ప్రజలును బ్రతికియుందురు. 1973లో అధ్యక్షుని అధికారమునకు కళ్లెము వేయుచు శాసనము చేసిరి. కళ్లెమున్నను గుఱ్ఱము నిలువలేదు. 2003లో ఘోరాయుధములున్నవని ఇరాకుపై దండెత్తిరి. ఆ ఆయుధములు దొరకలేదు. మెయిను ఓడ నాటి ఋజువువంటిదే ఇదియు! 2001లో అఫ్ఘనిస్థానమున మొదలైన యుద్ధము ఇరువదియేండ్లు సాగి, 2021 ఆగస్టులో మొదటి శత్రువునకే కాబూలును విడిచి ముగిసెను.

న్యాయము కొఱకు రెండవ ప్రక్కను గూడ చెప్పవలెను. 1934లో అమెరికా ఒక గడువు పెట్టెను. నడుమ జపానువారి దండయాత్రతో ద్వీపములు రక్తసిక్తములైనను, ఆ మాట తప్పక 1946 జూలై 4న ఫిలిప్పైనులకు స్వాతంత్ర్యమిచ్చెను. అది మనకన్న ఒక యేడు ముందు. అయితే వర్తక ఒప్పందములును, సైనిక స్థావరములును వెంట మిగిలెను. 1991లో ఫిలిప్పైను సెనేటు 12కు 11 ఓట్లతో స్థావరముల ఒప్పందమును నిరాకరించెను. మరుసటి యేట సూబిక్ రేవునుండి అమెరికా జెండా దిగెను. ఒక్క ఓటుతో వచ్చిన బంధము ఒక్క ఓటుతోనే తెగినదని చెప్పుట కవిత్వము కాదు, లెక్క! 1962లోనే వారు తమ స్వాతంత్ర్యోత్సవమును జూలై 4 నుండి జూను 12నకు మార్చుకొనిరి. స్వాతంత్ర్యము ఒకరు ఇచ్చిన దినము కాదు, తాము చాటిన దినమే తమ పండుగ యని వారి భావము. 1901లో సమారు ద్వీపమందలి బాలంగిగా గ్రామ పోరాటము పిమ్మట అమెరికా సైనికులు చర్చి గంటలు మూటిని విజయచిహ్నములుగా కొనిపోయిరి. అవి 2018 డిసెంబరున తిరిగి ఆ గ్రామము చేరెను. 117 ఏండ్లకు మ్రోగిన ఆ గంటలనాదము ఒక జాతి ఆలస్యముగానైనను తన తప్పును గుర్తించినదనుటకు సాక్ష్యము.

ఈ కథను ఇప్పుడు మనము చెప్పుకొనవలసిన అగత్యమేమి? నేడు తెలుగునాట చదువుకొనిన కుటుంబములలో అమెరికాయందు బిడ్డ లేని యింటిని వెదకవలసియున్నది. ఆ దేశపు విద్యను, ఉద్యమమును, సంపదను మనము మెచ్చుచున్నాము, మెచ్చదగినవే. కాని మన దేశమును బలపడుచున్నది. బలము పెరిగినకొలది కొందఱి నోట ఒక మాట వినవచ్చుచున్నది: పెద్ద దేశము పెద్ద దేశమువలెనే నడచుకొనవలెను, చిన్నవారి సమ్మతిని అడుగుచు కూర్చున్నచో లోకము నవ్వును, అమెరికాను చూడుడు అని. చూడుడనియే మేమును చెప్పుచున్నాము. 57 ఓట్లతో గెలిచినవారిని మాత్రమే గాక, 27 ఓట్లతో ఓడినవారిని గూడ చూడుడు. 1899లో గెలిచినవారి పేర్లను చరిత్రపరిశోధకులు తప్ప నేడెవ్వరు తలంతురు? ఓడిన హోరు మాట, ట్వేను మాట ప్రతి అన్యాయయుద్ధమునను అమెరికా యువకుల నోట మరల మరల పుట్టుచున్నది.

జాతీయత యనగా తన జాతి స్వాతంత్ర్యమును ప్రేమించుట మాత్రమే కాదు. పరజాతి స్వాతంత్ర్యమును గౌరవించుట గూడ. రెండవది లేని మొదటిది ముదిరి సామ్రాజ్యమగును. తన ఇంటి తలుపును తానే తెఱచుకొనినవాడు పొరుగువాని తలుపునకు గొళ్లెము పెట్టినచో, ఆ చేతికే అలవాటు పట్టును. ఒకనాడు స్వగృహమునకు గూడ గొళ్లెము పడును. అమెరికాకు ఆ పరీక్ష పుట్టిన నూటయిరువది మూడేండ్లకు వచ్చెను. మనకు స్వాతంత్ర్యము వచ్చి ఇంకను నూఱేండ్లు నిండలేదు. మన పరీక్షాదినమున ఒక్క ఓటు తక్కువ కాకుండునట్లు జాగ్రత్తపడుట ఇప్పటి నుండియే మన పని.